పాదాలు కడిగిన గురువారం

విభూది బుధవారం పొద్దున చర్చిలో పూజ అయ్యాక, నుదుటి మీద బూడిద తుడుచుకోకుండానే సుగుణ మాదాపూర్ డిస్పెన్సరీకి వచ్చింది. రేకుల షెడ్డు ముందు అప్పటికే కొంతమంది కూర్చుని ఉన్నారు. వాళ్ళలోంచి బుచ్చమ్మ లేచి వచ్చి, సుగుణ నుదురు పరీక్షగా చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏంది సిస్టరమ్మా, బూడిద రాసుకున్నవ్? మీ ఇంట్ల ఎవరన్న కాలం చేసిన్రా?"

"ఎవరూ పోలేదు బుచ్చమ్మా. ఇవాళ్టి నుంచి మాకు తపస్సు కాలం. మట్టిలోంచి వచ్చాం, మట్టిలోకే పోతామని గుర్తుండడానికి పెడతారు."

"గది యాది చేయాల్నా? మా ఆయన రోజూ మట్టే దగ్గుతున్నడు" అంది బుచ్చమ్మ.

ఆమె భర్త ఎల్లేశం షెడ్డు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పాలమూరు నుంచి వలస వచ్చిన వడ్డెర మనిషి. ఊహ తెలిసిన నాటి నుంచి రాయి కొట్టడమే పని. మాదాపూర్ గుట్టల్లో అతనిలాంటి వాళ్ళు బండలు పగలగొట్టి చదును చేస్తుంటే, ఆ చదునులో కంప్యూటర్ కంపెనీల కోసం భవనాలు లేస్తున్నాయి. వాటిలో ఒక గుండ్రటి పెద్ద భవనం దగ్గర బుచ్చమ్మ సిమెంటు తట్టలు మోస్తుంది. ఎల్లేశానికి క్షయ. దానికి తోడు ఏళ్ళ తరబడి పీల్చిన రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టింది. "క్షయకి మందుంది. దుమ్ముకి లేదు" అని వారానికోసారి వచ్చే సిస్టర్ స్టెల్లా మొదటిరోజే చెప్పింది. ఆమె డాక్టరు చదివిన మఠకన్య. మాటలు తక్కువ. క్షయకైనా ఆరు నెలలు ఒక్కపూట తప్పకుండా మింగితేనే మందు పనిచేస్తుంది. క్రిస్మస్ అయ్యాక మొదలుపెట్టిన ఆ మందుని సుగుణ ఎదురుగా నిలబడి అతనిచేత మింగిస్తోంది.

సుగుణది తెనాలి దగ్గర పల్లె. నర్సు ట్రైనింగు అయ్యాక బిషప్పు మేత్రాసనం వారి సేవాసంస్థలో చేరి ఈ ఊరొచ్చింది. తెల్లచీర కట్టుకుంటుంది కాబట్టి ఆమె మఠంలో చేరకపోయినా జనానికి సిస్టరమ్మే. పండుగల క్యాలెండరే ఆమె పనికీ క్యాలెండరు. తపస్సు కాలంలో మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళడం, వానలు పడితే గుడిసెల వెంట వాంతులకీ విరేచనాలకీ మందులు పంచడం, నవంబరులో ఆత్మల పండుగకి సమాధుల దగ్గర కలుపు తీయించడం, డిసెంబరులో దుప్పట్లు. మధ్యలో కుష్ఠురోగుల కాలనీ, ముసలివాళ్ళ ఆశ్రమం, తుపాను వస్తే కోస్తాకి బట్టల మూటలు. ఏడాది ఎలా తిరిగిపోయేదో ఆమెకు తెలిసేది కాదు.

ఆ గుడి కింద ఉన్న కతోలిక కుటుంబాలన్నీ కలిపి ఒక విచారణ. దానికి గురువుగా ఫాదర్ క్రిస్టోఫర్ వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. కుర్రతనం ఇంకా పోలేదు. ఒక శుక్రవారం సిలువ మార్గం ప్రార్థన అయ్యాక ఆయన సుగుణని ఆపాడు.

"ఈసారి పవిత్ర గురువారం పెద్దల కాళ్ళు కడగదల్చుకోలేదు సుగుణా. ఏటా ఆ పన్నెండుమందే. ఇంట్లో శుభ్రంగా తోముకుని, పౌడరు కూడా వేసుకుని వస్తారు. నేను కడిగిన కాళ్ళే మళ్ళీ కడుగుతున్నాను. నీ డిస్పెన్సరీ నుంచి పన్నెండుమందిని తీసుకురాగలవా?"

క్రీస్తు తన శిష్యుల పాదాలు కడిగిన దానికి గుర్తుగా ఆ సాయంత్రం గుడిలో గురువు పన్నెండుమంది పాదాలు కడుగుతాడు. ఆ పన్నెండు కుర్చీల్లో కూర్చోవడం విచారణలో పరువైన సంగతి. సుగుణకి ఫాదర్ మాట ఎంతో నచ్చింది. ఇన్నేళ్ళుగా తను గుడిసెల్లో చేస్తున్న పని గుడి లోపలికి, అందరి ఎదుటికీ వస్తుందనిపించింది. వెంటనే ఎల్లేశం గుర్తొచ్చాడు.

ఎల్లేశం వినగానే తన పాదాల వైపు చూసుకున్నాడు. మడమలు పగిలి ఉన్నాయి. రాయి పడి ఒక బొటనవేలి గోరు ఎప్పుడో పోయింది.

"గీ కాళ్ళా? మీ అయ్యగారు పట్టుకునే కాళ్ళా ఇవి?"

"ఇలాంటి కాళ్ళే కావాలంటున్నారు ఎల్లేశమన్నా."

"నడుమ దగ్గొస్తె?"

"వస్తే దగ్గు. ఎవరేమంటారు?"

"పోరాదా" అంది బుచ్చమ్మ పక్కనుంచి. "నీ కాళ్ళు నేను గూడ ఎన్నడు కడగకపోతి. ఎవరన్న కడుగుతనంటె వద్దంటవా?"

సుగుణ సిస్టర్ స్టెల్లాని కూడా అడిగింది. కళ్ళె పరీక్షలో క్రిములు కనబడటం లేదనీ, అతని వల్ల ఇప్పుడు ఎవరికీ అంటదనీ, నలుగురి మధ్య కూర్చోవచ్చనీ ఆమె చెప్పింది. దాంతో సుగుణకి ఉన్న కాస్త సంకోచమూ పోయింది.

పవిత్ర గురువారం సాయంత్రం ఎల్లేశం ఉతికిన ధోవతీ, మేస్త్రీని అడిగి తెచ్చుకున్న చొక్కా వేసుకుని వచ్చాడు. బుచ్చమ్మ గుడి వెనకవైపు ఆడవాళ్ళతో కూర్చుంది. గుడి నిండిపోయింది. పీఠం ముందు వేసిన కుర్చీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళూ, తట్టలు మోసేవాళ్ళూ, చేతికర్ర పట్టుకున్న ఒక ముసలామె కూడా కూర్చుంటే, ముందు బెంచీల్లోని వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఏటా మొదటి కుర్చీలో కూర్చునే జోజిరెడ్డి ఈసారి బెంచీ చివర కూర్చున్నాడు. విచారణ సంఘానికి ఆయనే పెద్ద. మాదాపూర్‌లో డిస్పెన్సరీ షెడ్డు ఉన్న జాగా ఆయనదే, కిరాయి లేకుండా ఇచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు.

ఫాదర్ క్రిస్టోఫర్ నడుముకి తెల్ల తువ్వాలు చుట్టుకుని, పళ్ళెమూ చెంబూ పట్టుకుని ఒక్కొక్కరి ముందూ మోకరించాడు. ఎల్లేశం వంతు వచ్చేసరికి అతను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఫాదర్ నీళ్ళు పోసి, మడమల పగుళ్ళ మీద చెయ్యి ఒత్తకుండా తుడిచాడు. వంగి పాదాన్ని ముద్దు పెట్టుకున్నాడు. ఎల్లేశం కళ్ళు తెరిచి గుడి వెనకవైపు చూశాడు. బుచ్చమ్మ ఎక్కడుందో వెతుక్కున్నాడని సుగుణ అనుకుంది.

అంతా బాగానే జరిగిపోయేది. కాళ్ళు కడగడం అయ్యాక ధూపం తెచ్చారు. ఆ సంగతి సుగుణకి తట్టనే లేదు. చిన్నప్పటి నుంచీ పీల్చిన సాంబ్రాణి ఆమెకి గుడి వాసన మాత్రమే. ధూపకలశం ఊగుతూ కుర్చీల ముందుకి వచ్చేసరికి పొగ దట్టంగా లేచి ఎల్లేశం మీదికి పోయింది. మొదట నోరు మూసుకుని ఆపుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. తర్వాత ఆగలేదు. ఛాతీ చీలిపోతున్నట్టు దగ్గాడు. పక్కకుర్చీ అంచున ఫాదర్ వేసిన తువ్వాలు కనబడితే లాక్కుని నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తీసేసరికి తెల్లటి తువ్వాలు మీద ఎర్రగా మరక.

గుడిలో పాట ఆగలేదు గానీ పలచబడింది. ముందు బెంచీల్లో చేతిరుమాళ్ళు ముక్కుల దగ్గరికి పోయాయి. ఒకామె తన పిల్లని ఒళ్ళోకి లాక్కుని వెనక్కి జరిగింది. ఫాదర్ క్రిస్టోఫర్ పీఠం దగ్గర నిలబడిపోయి చూశాడు. ఒక అడుగు ముందుకి వేసి, మళ్ళీ ఆగాడు. పూజ నడుస్తోంది. జోజిరెడ్డి లేచి సుగుణ దగ్గరికి వచ్చి చెవిలో నెమ్మదిగా అన్నాడు.

"పిల్లలున్నారమ్మా. ఆయన్ని పక్కతలుపు నుంచి బయట కూర్చోబెట్టండి."

ఇప్పుడు ఎవరికీ అంటదని సుగుణ చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అంత నెమ్మదిగా, అంత మర్యాదగా చెప్పిన మాటకి ఆమె లేచిపోయింది. ఎల్లేశం రెక్క పట్టుకుని అందరి ముందు నుంచీ నడిపించుకుంటూ పక్కతలుపు దాటించింది. అతని కాళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. చెప్పులు లోపలే ఉండిపోయాయి.

బయట సిమెంటు గట్టు మీద కూర్చున్నాక దగ్గు తగ్గింది. బుచ్చమ్మ వెనకనుంచి పరుగెత్తుకొచ్చి వీపు రాసింది. ఎల్లేశం చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తినప్పుడు గొంతులో కోపం లేదు.

"నన్నెందుకు దెచ్చినవ్ సిస్టరమ్మా?"

సుగుణ లోపలికి వెళ్ళి అతని చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.

మర్నాడు పెద్ద శుక్రవారం, క్రీస్తు సిలువ మీద చనిపోయిన రోజు. గుడి వెనక ఎండుటాకుల కుప్పలో ఆ తువ్వాలు కాలుతుంటే ఆమె చూసింది. ఎవరు వెయ్యమన్నారో అడగలేదు.

ఈస్టరు పండుగ తర్వాత ఎల్లేశం మందుకి రాలేదు. సుగుణ గుడిసె దగ్గరికి వెళ్తే తాటాకులూ కవర్లూ పీకేసి ఉన్నాయి. మాదాపూర్‌లో ఆ పక్క బండలు అయిపోయాయనీ, మేస్త్రీ ముఠానంతా పుప్పాలగూడ వైపు తీసుకుపోయాడనీ పక్క గుడిసెవాళ్ళు చెప్పారు. పని మారినందుకు వెళ్ళాడా, సిగ్గుతో వెళ్ళాడా అన్నది వాళ్ళకి తెలియదు. సుగుణకి తెలుసు అనిపించింది.

మే నెలలో ఏటా జరిగే ఫాదర్ల బదిలీలు వచ్చాయి. ఫాదర్ క్రిస్టోఫర్‌ని దూరపు విచారణకి వేశారు. అది మామూలు బదిలీయో కాదో ఎవరూ పైకి అనలేదు. వెళ్ళేముందు ఆయన డిస్పెన్సరీకి వచ్చి బల్ల మీద కాసేపు ఊరికే కూర్చున్నాడు.

"నేను పూజ ఆపి ఆయన దగ్గరికి వెళ్ళాల్సింది" అన్నాడు.

"నేను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళాను ఫాదర్" అంది సుగుణ.

ఆయన లేచి ఆమె తల మీద చెయ్యి పెట్టి దీవించి వెళ్ళిపోయాడు.

ఒక ఆదివారం పూజ అయ్యాక సుగుణ మాత్రలు సంచిలో వేసుకుని పుప్పాలగూడ బయల్దేరింది. బస్సు దిగాక బండల మధ్య చాలా దూరం నడవాలి. ఎండ మాడ్చేస్తోంది. అడిగిన ప్రతివాడూ ఇంకా ముందుకి చూపించాడు. చివరికి సుత్తుల చప్పుడు వినబడింది. ఎల్లేశం గోనెపట్టా నీడలో కూర్చుని కంకర కొడుతున్నాడు. ఆమెని చూసి సుత్తి పక్కన పెట్టి లేచాడు. మనిషి కాస్త తేరుకున్నట్టే ఉన్నాడు. అదే ప్రమాదమని సుగుణకి తెలుసు. ఒంట్లో కొంచెం శక్తి రాగానే మందు అక్కర్లేదనిపిస్తుంది.

"గింత ఎండల ఎందుకొచ్చినవ్ సిస్టరమ్మా? నాకేం ఫికర్ లేదు, మంచిగున్న."

"మంచిగుంటే మందు ఆపకూడదు ఎల్లేశమన్నా. సగంలో ఆపితే జబ్బు ముదిరి వస్తుంది. అప్పుడు ఈ మందు పనిచెయ్యదు."

"మందు మంచిదే. గాడికి రావాలంటెనే కాళ్ళు వస్తలేవు."

"గుడికి రావద్దు. షెడ్డు దగ్గరికే కదా."

"షెడ్డు గా పెద్దాయనదే గద" అన్నాడు ఎల్లేశం. కుండలోంచి నీళ్ళు ముంచి ఆమెకిచ్చాడు. ఆమె తాగుతుంటే నేల చూస్తూ అడిగాడు. "సిస్టరమ్మా, గా తెల్ల తువ్వాల మరక పోయిందా?"

సుగుణ చెంబు దించింది.

"పోయింది. ఉతికేశాం" అంది.

"జర సోడ పెట్టి నానవెడితె పోతది. నేనే చెప్పాలనుకున్న" అన్నాడతను. ముఖంలో కొంత బరువు దిగినట్టు కనబడింది.

మాత్రలు అతని చేతిలో పెట్టి, ఎలా మింగాలో బుచ్చమ్మకి కూడా చెప్పమని పదేపదే చెప్పి వచ్చింది. ఈ సంగతి విని సిస్టర్ స్టెల్లా తల అడ్డంగా ఊపింది. మందు ఎదురుగా మింగించకుండా ఇచ్చి రావడం ఇవ్వకపోవడం కంటే చెడ్డదని ఆమె భయం. వ్యాను అటువైపు పంపమని తనే సంస్థ ఆఫీసుని అడిగింది. ఉన్నది ఒక్క వ్యాను. అప్పటికే వానలు మొదలయ్యాయి, అవి తగ్గేవరకూ అది గుడిసెవాడల్లో విరేచనాల మందులకే తిరగాలి. ఆఫీసువాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. ఆ వానల్లో సుగుణకి కూడా ఒక్క ఆదివారం తీరిక దొరకలేదు. రెండుసార్లు పుప్పాలగూడ బయల్దేరి, దారిలో ఎవరో పిలిస్తే మరో గుడిసెలోకి వెళ్ళాల్సి వచ్చింది.

బతుకమ్మ పండుగ వెళ్ళాక ఒక మధ్యాహ్నం కంకర లారీ ఒకటి షెడ్డు ముందు ఆగింది. డ్రైవరూ బుచ్చమ్మా కలిసి ఎల్లేశాన్ని దింపారు. అతన్ని ఎత్తడానికి ఇద్దరు అక్కర్లేదు. సుగుణ ఇచ్చిన మాత్రలు కొన్నాళ్ళు మింగాడట. అవి అయిపోయాక మళ్ళీ రాలేదు. ఈ మధ్య అన్నం కూడా దిగడం లేదు.

"తీస్కపోత అంటె వినకపాయె" అంది బుచ్చమ్మ. "ఇప్పుడు వద్దననీకి నోరే లేదు. గందుకే తెచ్చిన."

హఫీజ్‌పేట్ స్టేషన్‌కి కాస్త దూరంలో దిక్కులేని రోగుల కోసం సిస్టర్లు నడిపే ఆశ్రమం ఉంది. అక్కడ కిటికీ పక్కన మంచం ఇచ్చారు. సిస్టర్ స్టెల్లా వచ్చి ఛాతీకి గొట్టం ఆనించి చాలాసేపు విని, బయటికి వచ్చి గొట్టం జేబులో పెట్టుకుంది. సుగుణ డ్యూటీ అయ్యాక రోజూ వచ్చి అతని ఒళ్ళు తుడిచేది. కాళ్ళు తుడిచేటప్పుడు మాత్రం అతను వెనక్కి లాక్కునేవాడు. ఆమె బలవంతం చెయ్యలేదు.

ఒకరోజు తనంతట తనే మాట్లాడాడు.

"నీ తప్పేం లేదు సిస్టరమ్మా. పొగ కదా."

ఆ మాటతో తను తేలికపడాలని అన్నాడని ఆమెకి అర్థమైంది. తేలికపడలేకపోయింది.

రెండు రోజులకి, పొద్దున్నే, బుచ్చమ్మ గంజి చల్లార్చుతుండగా అతను పోయాడు. గిన్నె పక్కన పెట్టి ఆమె అతని నోరు తుడిచింది. తర్వాత ఏడవడం మొదలుపెట్టింది.

ముఠావాళ్ళు లారీలో వచ్చి శవాన్ని పుప్పాలగూడ తీసుకుపోయారు. వడ్డెరవాళ్ళు పూడ్చిపెడతారు. సుగుణా, సిస్టర్ స్టెల్లా కూడా వెళ్ళారు. అక్కడ మట్టి జానెడే, కింద అంతా రాయి. మగవాళ్ళు గడ్డపారలతో, సుత్తులతో కొట్టి కొట్టి గుంత తీశారు. ఎంత కొట్టినా లోతు కాలేదు. చాలు అన్నాడు మేస్త్రీ. మట్టి కప్పి పైన పెద్ద రాళ్ళు పేర్చారు. కాస్త అవతల ఎవరో ప్లాట్లకి హద్దురాళ్ళు పాతి తెల్లసున్నం వేసి ఉంచారు. బుచ్చమ్మ వాటి వైపు చూసి, "మళ్ల వచ్చేవరకు ఉంటడో ఉండడో" అంది.

ఆత్మల పండుగ రోజు సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించి, ఆ ఏడు చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతారు. సుగుణ కొత్త ఫాదర్ దగ్గరికి వెళ్ళి ఇంకొక పేరు చదవమని అడిగింది.

"మన విచారణ మనిషా?" అన్నాడాయన.

"కాదు ఫాదర్. మన గుడికి ఒకసారి వచ్చాడు."

వయసు మళ్ళిన ఆ ఫాదర్ ఆమె ముఖంలోకి చూసి, సరేనన్నాడు. జోసెఫులూ మరియమ్మలూ అయ్యాక "ఎల్లేశం" అని ఆ గొంతులో వినబడితే కొందరు తల తిప్పి చూశారు. జోజిరెడ్డి తన తండ్రి సమాధి దగ్గర కొవ్వొత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. తల దించుకున్నాడు. ప్రార్థన కోసం దించుకున్నాడో, ఆ పేరు గుర్తొచ్చి దించుకున్నాడో సుగుణకి తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

ఆ పైవారం ఆమె గుండ్రటి భవనం దగ్గరికి వెళ్ళింది. బుచ్చమ్మ మళ్ళీ తట్టలు మోస్తోంది. ఎక్కువరోజులు రాకపోతే మేస్త్రీ ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. భవనానికి అద్దాలు బిగించడం అయిపోవచ్చింది, లోపలికి కూలీలను రానివ్వడం లేదు. బయట రోడ్డు పని మిగిలింది. తట్ట దించి మాట్లాడబోయి బుచ్చమ్మ దగ్గింది. పొడిగా, చిన్నగా, రెండుసార్లు. సుగుణ ఆ దగ్గు విని అక్కడే నిలబడిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"దుమ్ము సిస్టరమ్మా. ఏం లేదు."

బతిమాలి పరీక్ష చేయించింది. క్రిములు ఉన్నాయి. సిస్టర్ స్టెల్లా ఫలితం చూసి కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

"ఆయన దగ్గర నుంచే వచ్చి ఉంటుంది. ఆయన సగంలో ఆపాడు. ఆ క్రిములకి మందు అలవాటైపోయి ఉంటే, ఈమెకి మనం ఇచ్చే మాత్రలు పనిచేస్తాయో లేదో చెప్పలేను సుగుణా. ఇచ్చి చూడాలి. అంతకంటే మన దగ్గర లేదు."

బుచ్చమ్మ షెడ్డుకి రానంది. ఎందుకని సుగుణ అడగలేదు. పొద్దున్నే డిస్పెన్సరీ తెరవకముందు తనే రోడ్డు పని దగ్గరికి నడిచి వెళ్ళడం మొదలుపెట్టింది. కంకర కుప్ప పక్కన ఇద్దరూ కూర్చుంటారు. బుచ్చమ్మ మాత్రలు ఒక్కొక్కటే నాలుక మీద పెట్టుకుని నీళ్ళతో మింగుతుంది. మింగానని నోరు తెరిచి చూపిస్తుంది.

డిసెంబరు వచ్చింది. చలి పెరిగింది. సంస్థ నుంచి దుప్పట్ల మూటలు వచ్చాయి, పంచే పని మొదలైంది. సుగుణ ఎంత పని ఉన్నా అక్కడికి వెళ్ళడం మానలేదు. ఒకరోజు బుచ్చమ్మ మాత్రలు మింగి, నీళ్ళ సీసా మూత బిగిస్తూ అడిగింది.

"గీటితోని తగ్గుతదా సిస్టరమ్మా? నిజం చెప్పు."

సుగుణ ఈసారి అబద్ధం చెప్పలేదు.

"తెలీదు బుచ్చమ్మా. వచ్చే నెల పరీక్షలో తెలుస్తుంది."

బుచ్చమ్మ తల ఊపింది. మేస్త్రీ కేకేశాడు. ఆమె లేచి చుట్టకుదురు తల మీద సర్దుకుని, తట్ట ఎత్తడానికి సుగుణ వైపు చూసింది. సుగుణ వంగి తట్ట రెండో అంచు పట్టుకుని పైకి లేపింది.